బాంబు పుస్తకాల్లో మా బావ

జనగామలో నాది స్టేషనరీ దుకాణం. నోటు పుస్తకాలు, గైడ్లు, అట్టలు, జామెట్రీ బాక్సులు. పొద్దస్తమానం పుస్తకాల మధ్య కూర్చుంటాను కనుక బాగా చదువుకున్నవాణ్ణని ఊళ్లో ఒక పేరుంది. నిజానికి డిగ్రీ నా దగ్గరి దాకా వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, వద్దనుకుని వెళ్లిపోయింది. కానీ ఒక్క విషయంలో నా చదువును ఎవరూ కాదనలేరు. ఉగ్రవాదం మీద వచ్చిన పుస్తకాలు, నవలలైనా నిజాలైనా, తెలుగైనా ఇంగ్లీషైనా, నా అంత శ్రద్ధగా చదివినవాడు ఈ చుట్టుపక్కల జిల్లాల్లో ఉండడు.

కౌంటరు కింద ఒక అర మొత్తం అవే. అట్టల మీద మంటలు, తుపాకులు, ముసుగు మనుషులు. పక్క అరలో ఒకటో తరగతి వాచకాలు, వాటి మీద నవ్వే సూర్యుడు. ఒకసారి బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ పెన్ను కోసం వంగి ఆ అర చూశాడు.

“ఏంది సేటూ, గివన్ని సదివి ఏం జేస్తవ్?”

“పరీక్ష రాస్త సార్.”

“గీ వయసుల ఏం పరీక్ష?”

“సహన పరీక్ష.”

ఆయన నవ్వలేదు. పెన్ను నా బిల్లు పుస్తకం మీదే గీసి చూసుకుని, నన్ను ఇంకోసారి చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ పుస్తకాలకు పదో తరగతి గైడు అట్టలు తొడిగి చదివాను. లెక్కల గైడు చదువుతూ సేటు కళ్లు తుడుచుకుంటున్నాడని బజారులో చెప్పుకున్నారట. లెక్కలంటే ఏడ్చినవాడు ఊళ్లో నేనొక్కణ్ణే కాదు గనక ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఈ చదువు నాకు మా అక్క పెట్టింది. అక్కది మానుకోట. సర్కారు కాగితాల్లో అది మహబూబాబాద్, మా నోట్లో మానుకోట. బావకు అక్కడ స్టీలు సామాన్ల దుకాణం. గిన్నెల మీద పేర్లు కొట్టడంలో ఆయన చెయ్యి మంచిది. చిన్న మిషను, దాని చివర సూది, అది టకటకమంటూ చుక్కలు చుక్కలుగా అక్షరాలు వేసుకుపోతుంది. పెళ్లికి బిందె ఇచ్చినా, గృహప్రవేశానికి పళ్లెం ఇచ్చినా, ఇచ్చినవారి పేరు దాని మీద లేకపోతే మా దగ్గర అది ఇచ్చినట్టే కాదు.

బావ నీలం చొక్కా వేసుకుని, గుడ్డ సంచిలో టిఫిన్ డబ్బా పెట్టుకుని, సరుకు కోసం ఒకరోజు పొద్దున పట్నం పోయాడు. ఆ సాయంత్రం పట్నంలో రద్దీ బజారులో బాంబు పేలింది. బావ ఇంటికి రాలేదు. చుట్టాల ఇంట్లో ఆగి ఉంటాడని ఒక రాత్రి, ఫోను పోయి ఉంటుందని ఒక పగలు అనుకున్నాం. మేం పట్నం చేరి దవాఖాన శవాల గది ముందు నిలబడేసరికి, గుర్తుపట్టినవాళ్లు తమవాళ్లను తీసుకుపోయారు. మిగిలింది గుర్తుపట్టడానికి వీల్లేనివాళ్లు. అత్తమ్మ, అంటే బావ తల్లి, చెయ్యి చాపి రక్తం ఇచ్చింది. పరీక్ష చేశారు. మిగిలినవాళ్లలో ఎవరితోనూ ఆమె రక్తం కలవలేదు.

అందుకని మా బావ చనిపోలేదు. బతికీ లేడు. ‘కనిపించుట లేదు’ అన్న రెండు ముక్కల మధ్య ఆగిపోయాడు. ఊరు మాత్రం ఆగలేదు. ఒకరు ఆయన్ని విజయవాడ హోటల్లో చూశామన్నారు, ఇంకొకరు షిర్డీలో. వేరే కాపురం పెట్టి ఉంటాడని దుకాణం ముందే అక్క చెవిన పడేట్టు అన్నవాళ్లూ ఉన్నారు. అక్కకు పిల్లలు లేరు. దుకాణం తనే నడుపుతోంది, పేర్లు కొట్టడం కూడా నేర్చుకుంది. ఆమె అక్షరాలు కొంచెం వణుకుతాయి.

ఏటా పెత్రమాస వచ్చిందంటే ఆ ఇంట్లో ఊపిరాడదు. ఆ అమావాస్య నాడు మా దగ్గర పోయినవాళ్ల పేర బియ్యం ఇస్తారు. చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు పెట్టుకుని పోతే, అయ్యగారు పేరూ గోత్రమూ చదివి పుచ్చుకుంటాడు. ఇవ్వకపోతే పోయినవాళ్లు ఏడాదంతా ఆకలితో ఉంటారు. బతికున్నవాడి పేర ఇస్తే వాడి ఆయుష్షు మనమే తుడిచినట్టు. బావకు ఇవ్వాలా వద్దా? ఇవ్వాల్సింది అక్క, వద్దనేది అత్తమ్మ.

“నా రక్తం కలవలే. అంటే నా కొడుకు ఆడ లేడు. బతికున్నోనికి బియ్యమిస్తవానె?”

“ఇయ్యనత్తమ్మ. కని పొయ్యిండా ఉన్నడా జెప్పేటోళ్లెవలు?”

చెప్పేవాళ్లు ఎవరూ లేకనే అక్క పుస్తకాల మీద పడింది. ఆ బాంబు గురించి ఎవరో ఒకరు రాస్తారు, రాసినవాళ్లు అక్కడ ఉన్నవాళ్లను అడిగే రాస్తారు, ఏదో ఒక పేజీలో నీలం చొక్కా వేసుకుని చేతిలో గుడ్డ సంచి పట్టుకున్న మనిషి ఒకడు కనిపిస్తాడు. ఇదీ ఆమె లెక్క. “గంత పెద్ద పెద్ద పుస్తకాలు రాస్తరు, ఒక్క మనిషికి జాగ దొరకదా తమ్మి?” అన్నది. నాకు పుస్తకాలు టోకున దొరుకుతాయి గనక తెచ్చే పని నాది. ఇంగ్లీషు నాకు రాదన్న సంగతి అక్కకు తెలియదు గనక చదివే పనీ నాదే. డిక్షనరీ పక్కన పెట్టుకుని జనగామలో వారమంతా తయారై, ఆదివారం రైలెక్కి మానుకోట పోయి, సగం దించిన షట్టరు వెనక గిన్నెల మధ్య కూర్చుని తెలుగులో చెప్పేవాణ్ణి. అంత శ్రద్ధ కాలేజీలో పెట్టి ఉంటే డిగ్రీ నన్ను వదిలి పోయేది కాదు.

నిజాలు రాసిన పుస్తకాలు మొదట తెచ్చాను. వాటిలో అన్నీ ఉన్నాయి. వైరు ఏ రంగు, గడియారం ఏ కంపెనీ, వాళ్లు దిగిన లాడ్జి గది కిటికీ ఎటు వైపు, ముందు రోజు రాత్రి ఏం తిన్నారు, ఎవరు ఎవరితో ఫోనులో ఏమన్నారు. పేలుడు దగ్గరికి వచ్చేసరికి ఒక అంకె, తర్వాత పేరా మారిపోతుంది, దర్యాప్తు మొదలవుతుంది. ఒక ఆదివారం అక్క నన్ను మధ్యలో ఆపింది.

“ఆగు. ఆ పెట్టినోళ్లు ఏం తిన్నరో గూడ రాసిండు గద?”

“రాసిండు. బిర్యాని.”

“మనోళ్లు ఏం తిన్నరో రాయలే?”

పేజీలు తిప్పినట్టు చేశాను. లేదని నాకు తెలుసు.

తర్వాత నవలలు. నవలల్లో హీరో ఉంటాడు, ఆయనకు ఒక విషాద గతం, ఒక అందమైన జర్నలిస్టు. చచ్చేవాళ్లు మొదటి అధ్యాయంలోనే చచ్చి, కథకు దారి వదిలి, మర్యాదగా పక్కకు తప్పుకుంటారు. కాకపోతే ఒక చవకబారు నవలలో మాత్రం హీరో చివరి పేజీలో వైరు కత్తిరిస్తాడు, బాంబు పేలదు, జనం సంచులు పట్టుకుని ఎవరిళ్లకు వాళ్లు పోతారు. అచ్చు తప్పులు అచ్చుకంటే ఎక్కువ ఉన్న పుస్తకం అది. అక్క గిన్నె తుడవడం ఆపి విన్నది.

“గిది మంచిగున్నది. గిండ్ల పేలలే. ఆఖర్ది మల్లొక్కసారి సదువు.”

చదివాను. తర్వాతి ఆదివారం కూడా అదే చదవమన్నది. అత్తమ్మ లోపలి నుంచి, “మల్ల గా బాంబు పుస్తకమేనా? నాయినా, నువ్వు గైడ్లమ్ముకునేటోనివి, నీకెందుకు గీ లొల్లి?” అన్నది. అని, గడప దగ్గరికి వచ్చి కూర్చుని తనూ విన్నది. పుటలు తిరిగేకొద్దీ ఆ ఇంట్లో పూటలు గడిచేవి. నాకు తెలిసి ఆ పుస్తకాల వల్ల మాకు జరిగిన మేలు అంతే.

ఈ ఏడు పెత్రమాసకు ముందు, భూపాలపల్లి నుంచి నా దుకాణానికి బస్సు పార్సిల్లో ఒక కట్ట వచ్చింది. రిటైరైన పోలీసాయన సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్న ఆత్మకథ. ఒకప్పుడు జనగామలో పనిచేశాడట, ఆ అభిమానంతో అమ్మిపెట్టమని పంపాడు. సగం పుస్తకం ఆయనకు రాని మెడల్ గురించి, మిగతా సగం వచ్చిన బదిలీల గురించి. మధ్యలో ఒక అధ్యాయం పట్నం బాంబు. ఆయనకు ఆ రోజు శవాల గది దగ్గర డ్యూటీ.

గిరాకీ లేని మధ్యాహ్నం కౌంటరులో చదువుతున్నాను. చిన్న ఆధారం పెద్ద చిక్కును ఎలా విప్పుతుందో చెప్పడానికి ఆయన ఒక సంగతి రాశాడు. ముఖం గుర్తుపట్టలేని ఒక మగమనిషి. చేతికి చుట్టుకున్న గుడ్డ సంచి. అందులో స్టీలు టిఫిన్ డబ్బా. మూత మీద చుక్కల అక్షరాల్లో ఒక ఆడమనిషి పేరు. బయట ఏడుస్తున్న తల్లుల్లో ఒకామెది అదే పేరు, ఆమె కొడుకు ఇంటికి రాలేదు. డబ్బా చూపించారు, ఆమె గుండెలకు హత్తుకుంది, శవాన్ని అప్పగించారు. తన సర్వీసులో తృప్తినిచ్చిన ఘట్టమని ముగించాడు. పేరు మాత్రం రాయలేదు.

ఎవరో పాప ఎరేజరు అడుగుతోంది. నేను ఇచ్చానో లేదో గుర్తులేదు. షట్టరు దించి స్టేషన్‌కు పోయాను.

ఈ పుస్తకం తెలుగు గనక అక్క తానే చదువుకుంది. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ. చదివి, లేచి వంటింట్లోకి పోయింది. గిన్నెలు దించుతున్న చప్పుడు. తిరిగి వచ్చి నా ముందు పళ్లాలు, గ్లాసులు, డబ్బాలు వరసగా పెట్టింది. ఒక్కదాని మీద కూడా వాళ్లింట్లోవాళ్ల పేరు లేదు.

ఇది స్టీలు దుకాణాల వాళ్లకు మాత్రమే తెలిసిన సంగతి. పేర్లు కొట్టించినవాళ్లు కొందరు గిన్నెలు తీసుకుపోరు. పెళ్లి తప్పిపోతుంది, మాట మారుతుంది, మరిచిపోతారు. పేరు పడ్డ గిన్నెను ఇంకొకరు కొనరు. దుకాణంలో ఉంచితే జాగా దండగ, పారేస్తే మనసొప్పదు. అవన్నీ ఇంటికి చేరతాయి. ఊరందరి పేర్లు కొట్టే బావ ఇంట్లో అందరూ పరాయి పేర్ల పళ్లాల్లో తినేవాళ్లు. నేనూ అక్కడ భోంచేసినప్పుడల్లా ఎవరో ఎరగనివాళ్లు కానుకకని కొట్టించిన పళ్లెం గీకే లేచాను.

“ఆయన తీస్కపోయిన డబ్బ పెద్దవంగర పెండ్లోళ్లది తమ్మి. పెండ్లి ఆగింది, సామాను తీస్కపోలే. మూత మీద కొట్టిచ్చినామె పేరే ఉండె.”

ఆ పేరు చెప్పింది. మా వైపు ప్రతి వాడలో ఇద్దరు ముగ్గురికి ఉండే పేరు.

ఎవరి కొడుకునో అనుకుని ఎవరో తల్లి మా బావను తీసుకుపోయిందా? అందుకేనా మిగిలినవాళ్లతో అత్తమ్మ రక్తం కలవలేదు? ఇన్నేళ్లు వెతికిన మనిషిని దహనం కూడా చేసేశారా, ఎవరో, ఎక్కడో, వేరే పేరు పెట్టి ఏడ్చి? ఇవేవీ మేం పైకి అనలేదు. అత్తమ్మ గడపలో ఉంది.

పెండ్లికి పోతున్నామని అత్తమ్మకు చెప్పి అక్క పట్టుచీర కట్టుకుంది. హనుమకొండ బస్టాండులో కలుసుకుని భూపాలపల్లి బస్సెక్కాం. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించాక, “ఆ సార్ మంచోడేనంటవా?” అన్నది. మెడల్ రాలేదంటే మంచోడే అయి ఉండాలన్నాను. నా హాస్యం ఎప్పుడు నోరు మూసుకోవాలో దానికి ఇప్పటికీ తెలియదు.

ఆయన ఇల్లు కాలనీ చివర. గేటులోనే మాకు ఎదురొచ్చాడు. నా చేతిలో పుస్తకం చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

“నా పుస్తకం సదివి గింత దూరం వచ్చిండ్రా? ఇగో, చాయ్ పెట్టు!” అని లోపలికి కేకేసి, మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, జేబులోంచి పెన్ను తీశాడు. సంతకం పెట్టడానికి. “ఏ పేరు రాయాలె సేటు?”

మేం వచ్చిందే ఒక పేరు కోసం. అక్కే పేజీ తీసి చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది. వింటూ వింటూ ఆయన పెన్ను మూత పెట్టాడు. కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

“అమ్మా... మీరు చెప్పే పేరేనా అంటె, అయ్యుండొచ్చు. గట్టిగ చెప్పలేను. శానమందికుండే పేరది. ఆనాడు మాకు ఒక్కొక్కలను ఇండ్లకు పంపుడే పని. గుర్తువట్టినోళ్లకు పరీక్షలు చెయ్యలే.”

“చొక్క ఏం రంగు సార్?”

“రంగులు ఉంటయా అమ్మ, గా మంటల?”

అక్క కొంగు చివర వేలికి చుట్టుకుంది. “డబ్బల ఏమన్న ఉండెనా?”

ఆయన వెంటనే చెప్పాడు. అది బాగా గుర్తున్నట్టుంది. “ఖాళీది. కడిగి ఉండె. తళతళ మెరుస్తుండె. ఎవల కొడుకో గని, ఇంట్ల ఆడోళ్లకు పని తప్పియ్యాలని కడుక్కున్నడు అనుకున్న. గందుకే యాదికుంది.”

అక్క తల అడ్డంగా ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

“మా ఇంటాయన ఎన్నడు కడుగలే సార్. మెతుకులు ఎండి అంటుకుంటయ్, నేను నానబెట్టి తోముతుంటి. రోజు తిడుతుంటి.”

“ఫైరింజనోళ్లు నీళ్లు కొట్టిండ్రు గదమ్మ, దాంతోనన్న...”

“మూత పెట్టి ఉండెనా సార్?”

ఆయన నా వైపు చూశాడు, సాయం కావాలన్నట్టు.

“పెట్టే ఉండె,” అన్నాడు.

చాయ్ వచ్చింది. గ్లాసులు మా ముందుకు జరుపుతూ ఆయన, ఆ కుటుంబం ఊరు తనకు తెలుసని, కావాలంటే చెబుతానని అన్నాడు. లింగాల ఘనపూర్ దిక్కు. జనగామ నుంచి ఎంతో దూరం కూడా కాదు. నా దుకాణంలో వాళ్ల పిల్లలు నోట్‌బుక్కులు కొనుక్కుని ఉంటారు.

“పోదమా అక్కా?” అన్నాను.

“పోయి ఏమని అడుగుత? మీరు ఏడ్సింది మా ఆయనకా అని అడుగుతనా? ఆ ముసలామె పెట్టుకున్న పిండం నాకియ్యమంటనా?”

లేస్తుంటే ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని, మళ్లీ అచ్చు వేస్తే ఆ పేరా తీసేస్తానని అన్నాడు. గొంతు బాగా దిగిపోయింది.

“తియ్యకుండ్రి సార్,” అన్నది అక్క. “అన్ని పుస్తకాలు సదివినం. గీ ఒక్కదాంట్లనే ఒక మనిషి ఉన్నడు. మా ఆయన కాకున్న సరే, ఉండనియ్యుండ్రి.”

మానుకోటలో పట్టుచీర విప్పకముందే అక్క అత్తమ్మకు అంతా చెప్పేసింది. పెండ్లి లేదనీ, భూపాలపల్లి పోయామనీ, డబ్బా సంగతీ. అత్తమ్మ తిడుతుందనుకున్నాను. కడిగిన డబ్బా దగ్గరికి వచ్చేసరికి, “వాడు కడుగుడా!” అన్నది. నవ్వబోయినట్టుంది, మధ్యలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆపైన పెత్రమాస దాకా పెట్టింది తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. అక్క రోజూ దుకాణం తెరిచేది, పేర్లు కొట్టేది. నేను జనగామలో కూర్చుని ఇన్నేళ్లు చదివిన పుస్తకాలన్నీ మనసులో తిరగేసుకున్నాను. దేశాలు ఎలా కూలుతాయో, మనుషులు ఎందుకు మారిపోతారో, కుర్రాళ్లను ఎవరు ఎలా చెడగొడతారో అన్నీ రాశారు. ఒక మనిషి మధ్యాహ్నం డబ్బా కడుక్కున్నాడా లేదా అన్నది తేలితే తప్ప బతకలేని ఇల్లు ఒకటి ఉంటుందని ఎవరికీ తోచలేదు. నాకు తోచిందా? నేనూ పేజీలు తిప్పినవాణ్ణే.

పెత్రమాస పొద్దున నేను పోయేసరికి అత్తమ్మ చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అక్క దూరంగా గోడకు ఆనుకుని చూస్తోంది.

“అత్తమ్మ, ఎవలికి గవి?” అన్నాను.

“నా కొడుక్కు.”

“తేలలే గద అత్తమ్మ,” అన్నది అక్క. “డబ్బ ఆయనది గాదేమొ.”

“తేలకపోని. నేను పోయేదాంక గూడ తేలదు.” ఆమె తల ఎత్తలేదు. “బతికుండి నేను బియ్యమిచ్చిన సంగతి ఎరికైతె తిడతడు. సచ్చిపోయి నేను ఇయ్యకపోతె ఆకలిగుంటడు. తిడితె తిట్టనీ. గిన్నేండ్లు ఆకలికుంచిన్నేమొ నా కొడుకును.” రాయి ఒకటి తీసి పారేసింది. “లే బిడ్డ. తయారు కా.”

అక్క గోడ పట్టుకుని లేచింది. చాటలో ఆమె పప్పు పోసింది, నేను ఆనిగపుకాయ, వంకాయలు పెట్టాను. చింతపండు అత్తమ్మే పెట్టింది, కొడుకు పులుపు తింటాడని రెండు గుప్పిళ్లు.

గుడి వసారాలో జనం కిక్కిరిసి ఉన్నారు. అయ్యగారు ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టి, గబగబా చదువుతూ పంపిస్తున్నాడు. మా వంతు వచ్చింది. అక్క కూర్చుంది, పక్కన నేను, వెనక స్తంభానికి ఆనుకుని అత్తమ్మ. గోత్రం చెప్పాను. ఆయన నీళ్లు వదిలాడు.

“ఎవరి పేర?”

“భర్త,” అన్నాను నేను.

“పేరు చెప్పండి నాయనా.”

మా ఇళ్లలో ఆడవాళ్లు భర్త పేరు నోటితో అనరు. దుకాణం బోర్డు ఎవరైనా చదవమంటే కూడా అక్క ఆ ముక్క దగ్గర దాటేసేది. గిన్నెల మీద ఎన్ని పేర్లు కొట్టినా ఆ పేరు మాత్రం తన చేత్తో ఎన్నడూ కొట్టలేదు. అందుకని అయ్యగారు నా వైపే చూస్తున్నాడు. నోరు తెరిచాను.

అక్క చెప్పింది. ఇంటిపేరుతో సహా, వసారా చివరి దాకా వినపడేంత గట్టిగా. వెనక అత్తమ్మ స్తంభం పట్టుకుని కిందికి జారి కూర్చుంది.

అయ్యగారు ఆ పేరు కలిపి చదివాడు. అక్క దోసిలి నింపి బియ్యం వదిలింది, మళ్లీ నింపింది, మళ్లీ వదిలింది. చాట ఖాళీ అయ్యాక కూడా దోసిలి అట్లాగే పట్టుకుని కూర్చుంది. ఆయన అప్పటికే పక్కవాళ్ల గోత్రం అడుగుతున్నాడు.

“జర జరుగమ్మా,” అన్నది వెనక నిలబడ్డావిడ, తన చాటను చంకకు ఆనించుకుని. “ఇంక శానమందిమున్నం.”